గాలికి ఎదురు: కావలి–ఒంగోలు హైవే మీద నేకెడ్ బైకు నడిపే తీరు

పోయిన మే నెలలో మా బాబాయి కొడుకు కొత్త బండి మీద మొదటిసారి కావలి నుంచి ఒంగోలు పోయి వచ్చాడు. సాయంత్రం మా ఇంటి ముందు దిగి గ్లౌజులు లాగేస్తే, రెండు అరచేతులూ బొటనవేలి మొదట్లో ఎర్రగా కందిపోయి ఉన్నాయి. చివరి రెండు వేళ్ళూ తిమ్మిరెక్కాయన్నాడు. "అన్నా, ఎనభై దాటితే బండి ఊగతా ఉందన్నా. ముందు చక్రంలో ఏదో తేడా ఉంది" అన్నాడు.

టైర్లలో గాలి చూశాను, సరిగ్గానే ఉంది. ఇద్దరం ముందు చక్రం లేపి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి కోన్‌సెట్, అంటే హ్యాండిల్ తిరిగే బేరింగులు, చూశాం. ఎక్కడా పట్టెయ్యడం లేదు, లూజూ లేదు. మళ్ళీ ఆ అరచేతుల వైపు చూశాక అర్థమైంది. బండిని ఊపుతున్నది వాడి చేతులే.

నేను రొయ్యల చెరువుల దగ్గరికి తిరిగే టెక్నీషియన్ని. వారానికి ఐదు రోజులు రామాయపట్నం, ఉలవపాడు, సింగరాయకొండ వైపు తిరుగుడే, నెలకు రెండుసార్లు ఒంగోలు. ఏడేళ్ళుగా నా బండి పల్సర్ ఎన్‌ఎస్ 200. తమ్ముడిది యమహా ఎంటీ 15. రెండూ నేకెడ్ బళ్ళే, అంటే ముందు గాలిని చీల్చే ఫెయిరింగ్ ఉండదు, గాలంతా నడిపేవాడి రొమ్ముకే తగులుతుంది. వాడికి మూడు ఆదివారాలు కావలి నుంచి సముద్రం వైపు పోయే తుమ్మలపెంట రోడ్డు మీద నేర్పిందే ఇక్కడ రాస్తున్నాను.

చేతులు వదులు, మోకాళ్ళు బిగువు

గాలి తోపు వేగం పెరిగినంతే పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. 80 నుంచి 100కి పోతే వేగం పెరిగింది పావు వంతే, గాలి తోపు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఆ తోపుకు ఒళ్ళు వెనక్కి పోతుంటే మనిషి ఏం చేస్తాడు? దొరికినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. దొరికేది హ్యాండిల్. నేకెడ్ బండి హ్యాండిల్ వెడల్పుగా ఉంటుంది, చిన్న తోపుకే ముందు చక్రం తిరుగుతుంది. గాలి విసురు రొమ్ముకు తగిలి, భుజాల్లోంచి చేతుల్లోకి, చేతుల్లోంచి హ్యాండిల్‌కు దిగుతుంది. బండి ఊగిందనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంటాం. ఇంకా ఊగుతుంది.

కాబట్టి పట్టంతా నడుము కింద ఉండాలి. మోకాళ్ళు, తొడల లోపలి వైపు ట్యాంకుకు ఆనించి నొక్కండి. ఫుట్‌రెస్టు మీద మడమ కాకుండా పాదం ముందు భాగం పెట్టండి. నడుము దగ్గర్నుంచి కొంచెం ముందుకు వంగి గాలి మీదికి ఆనుకోండి. మోచేతులు వంగి ఉండాలి, బిర్రబిగుసుకుంటే పని చెడుతుంది. హ్యాండిల్ పట్టు కోడిపిల్లను పట్టుకున్నట్టు ఉండాలి, జారిపోకూడదు, నలిగిపోకూడదు. మొదటి వారం తొడలు, పొట్ట కండరాలు నొప్పెడతాయి. ఆ నొప్పి మంచిదే. ఇన్నాళ్ళూ మణికట్లు మోసిన బరువు మోయాల్సిన చోటికి చేరిందని లెక్క.

సరిగ్గా కూర్చున్నారో లేదో తెలియాలంటే తిన్నటి రోడ్డు మీద 60లో పోతూ రెండు మోచేతులూ పక్షి రెక్కల్లా రెండుసార్లు ఆడించండి. బండి దారి మారకపోతే పట్టు మోకాళ్ళలో ఉన్నట్టే. ప్రయాణం ముగిశాక అరచేతులు చూసుకోండి. ఎర్రగా ఉంటే దారిలో ఎక్కడ బిగించారో గుర్తు తెచ్చుకోండి, ఫ్లైఓవర్ మీదనా, లారీ పక్కనా అని. తమ్ముడు అట్లా పట్టీ వేసుకుంటే ప్రతిసారీ లారీ పక్కనే తేలింది.

ఎప్పుడైనా హ్యాండిల్ నిజంగానే గడగడా ఊగడం మొదలైతే బ్రేకు మీద పడొద్దు, చేతులు బిగించొద్దు. మోకాళ్ళు ఇంకా బిగించి యాక్సిలరేటర్ మెల్లగా వదలండి. ఇంటికొచ్చాక గాలి, కోన్‌సెట్, వెనక కట్టిన సామాను ఈ మూడూ చూడండి. నేను నీళ్ళు పరీక్షించే కిట్టు డబ్బాను మొదట్లో సీటు వెనక అంచున కట్టేవాణ్ణి. బరువు వెనక్కి, పైకి పోయి ముందు చక్రం తేలికైపోయేది. ఇప్పుడు నా వీపుకు ఆనేంత ముందుకు జరిపి కడుతున్నాను, తేడా మొదటి కిలోమీటరులోనే తెలిసింది.

ఇక తిప్పడం. తుమ్మలపెంట రోడ్డు మీద పొద్దున ఆరింటికి ఎవరూ లేనప్పుడు తమ్ముణ్ణి 40లో పొమ్మని, కుడి గ్రిప్పును అరచేత్తో ముందుకు మెల్లగా నెట్టమన్నాను. "కుడి పక్క నెడితే ఎడమకి పోతుంది కదన్నా" అన్నాడు. నెట్టాడు. బండి కుడి వైపే ఒరిగి కుడికే పోయింది. వాడు బండి ఆపి హ్యాండిల్ వంక చూస్తా నిలబడ్డాడు. కాస్త వేగం అందుకున్నాక ఏ మోటారు సైకిలైనా ఇంతే. కుడి నెడితే కుడికి, ఎడమ నెడితే ఎడమకి. గేటు దగ్గర ఇరుకులో తిప్పే పద్ధతి వేరు, హైవే మీద వేరు. తెలియకుండా అందరం చేసేదే ఇది. తెలిసి చేస్తే గుంట అడ్డం వచ్చినప్పుడు ఒక్క నెట్టుతో తప్పుకోవచ్చు. సముద్రం దగ్గరయ్యే కొద్దీ ఆ రోడ్డు మీద ఇసుక ఉంటుంది, కాబట్టి ఊరికి చాలా ముందే అభ్యాసం ముగించేవాళ్ళం.

పక్కగాలి, ట్రైలరు

మన 16వ నంబరు జాతీయ రహదారి ఇక్కడ దాదాపు ఉత్తర దక్షిణాలుగా పోతుంది. అందుకే మనకు ఎదురుగాలి కంటే పక్కగాలి ఎక్కువ. మే, జూన్‌లలో పగలు పడమటి నుంచి వడగాలి. సాయంత్రం గాలి తిరిగితే తూర్పు నుంచి సముద్రపు గాలి. ఈ సంగతి తెలిస్తే ఏ పక్కన దెబ్బ తగులుతుందో బండి ఎక్కక ముందే చెప్పొచ్చు.

కావలి నుంచి ఒంగోలు వైపు పోతున్నారనుకోండి. మధ్యాహ్నం, గాలి ఎడమ నుంచి. ముందు పొడుగాటి ట్రైలరు. కుడి పక్క నుంచి దాన్ని దాటుతున్నారు. దాని పక్కకు రాగానే గాలి ఠక్కున ఆగిపోతుంది, గోడ చాటుకు వచ్చినట్టు. అప్పటిదాకా గాలి మీదికి ఎడమకు ఒరిగి ఉన్న బండి ఆ ఒరుగుతోనే లారీ వైపు లాగుతుంది. దాన్ని సర్దుకుని క్యాబిన్ దాటేసరికి గాలి మళ్ళీ ఒక్కసారిగా ఎడమ నుంచి కొట్టి డివైడర్ వైపు నెడుతుంది. కొత్తవాళ్ళు తడబడేది ఈ చివరి క్షణంలోనే. లారీ దాటేశాం అనుకుని ఒళ్ళు సడలిస్తారు.

చేయాల్సింది ఇది. ట్రైలరుకు, మీకు మధ్య కనీసం ఒకటిన్నర మీటరు వదలండి. డివైడర్ వైపు కూడా కొంత మిగలాలి, ఆ రెండూ కుదరకపోతే దాటొద్దు. పక్కకు రాక ముందే మోకాళ్ళు బిగించండి. క్యాబిన్ దగ్గరికి రాగానే ఎడమ అరచేయి గ్రిప్పుకు ఆనించి సిద్ధంగా ఉంచండి. గాలి తగలగానే ఎడమ గ్రిప్పును మెల్లగా నెట్టండి, బండి గాలి మీదికి ఒరిగి తిన్నగా నిలుస్తుంది. ఒళ్ళు మాత్రం నిటారుగానే ఉండనివ్వండి, కింద బండి ఒరిగితే చాలు. తమ్ముడి ఎంటీ 15 బరువు 140 కిలోల ప్రాంతం. నా బండి కంటే వాడి బండిని గాలి ఎక్కువ నెడుతుంది, కాబట్టి వాడు ఇంకా ముందుగా సిద్ధపడాలి.

అదే మధ్యాహ్నం ఒంగోలు నుంచి కావలికి తిరిగొస్తుంటే గాలి కుడి నుంచి ఉంటుంది. అప్పుడు లారీని దాటుతున్నంతసేపూ గాలి మిమ్మల్ని లారీ మీదికే నెడుతుంది. దీనికి నేను ఎక్కువ భయపడతాను. చీమకుర్తి నుంచి గ్రానైటు రాళ్ళు ఎక్కించుకుని ఓడరేవులకు దిగే ట్రైలర్లు ఎక్కువగా కనిపించేది కూడా ఈ వైపే. తెరిచి ఉన్న ట్రైలరు మీద ఒకటో రెండో దిమ్మెలు ఉంటాయి, దిమ్మెకు దిమ్మెకు మధ్య సందుంటుంది. సముద్రపు గాలి తిరిగిన సాయంత్రాల్లో ఆ సందుల్లోంచి గాలి ఆగి ఆగి కొడుతుంది. అట్లాంటప్పుడు దాటే ముందు టంగుటూరు దాకా దాని వెనకే పోవాల్సి వచ్చినా ఫర్వాలేదు. దాటితే మాత్రం పక్కన ఎక్కువసేపు ఉండకూడదు. లారీ అద్దంలో మీకు డ్రైవరు ముఖం కనపడకపోతే ఆయనకు మీరూ కనపడరు.

గేర్లు

పక్కన ఎక్కువసేపు ఉండకూడదంటే బండికి పికప్ సిద్ధంగా ఉండాలి. అది గేరులో ఉంటుంది. ఎన్‌ఎస్ 200కి టార్క్, అంటే ఇంజను తిప్పే బలం, గరిష్ఠంగా వచ్చేది 8000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర. ఆరో గేరులో 80లో పోతుంటే నా మీటరు ఆరువేలకు అటూ ఇటూ చూపిస్తుంది. అక్కడ్నుంచి యాక్సిలరేటర్ తిప్పితే బండి లేస్తుంది గానీ తీరిగ్గా లేస్తుంది. ఐదులోకి దిగితే వెంటనే లాగుతుంది. ముందు బండి 60లో పోతుంటే నాలుగు. గేరు దించేది లారీ వెనక ఉండగానే, దాని పక్కకు చేరాక కాదు. ఎంటీ 15కి 7400 ఆర్‌పీఎం దగ్గర ఇంజనులోకి గాలి వదిలే ఇన్‌టేక్ వాల్వులు వాటిని ఇంకా ఎక్కువ తెరిచే వేరే క్యామ్ అందుకుంటాయి, అక్కడ్నుంచి లాగుడు మారుతుంది. తమ్ముడు ఆరో గేరులోనే దాటబోయి లారీ పక్కన వేలాడేవాడు. రెండు గేర్లు దించడం అలవాటయ్యాక అదే దాటుడు సగం సమయంలో అయిపోతోంది.

"మైలేజీ పోదా" అని అందరూ అడుగుతారు. ఇంత చిన్న ఇంజనును టాప్ గేరులో 45, 50లో గుంజించడం దానికి మంచిది కాదు. ఇంజను దగ్గుతున్నట్టు వణుకుతుంది, చెయిన్ టకటకా కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వినపడిందంటే ఒక గేరు దించమని అర్థం.

గేరు దించేటప్పుడు క్లచ్ పట్టి, చిన్నగా ఒక రేజు ఇచ్చి, గేరు దించి క్లచ్ వదలండి. ఆ రేజు లేకపోతే ఇంజను వేగం ఒక్కసారిగా పెరగాల్సి వచ్చి వెనక చక్రం గుంజుకుపోతుంది. తడి రోడ్డు మీదైతే జారుతుంది కూడా. ఈ గుంజుడును తగ్గించే స్లిప్పర్ క్లచ్ నా బండికి లేదు, తమ్ముడి దానికి ఉంది. ఉన్నా వాడికీ ఇదే నేర్పాను.

స్ప్రాకెట్, అంటే చెయిన్ తిరిగే పళ్ళ చక్రం, విషయం చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాని మీద డబ్బు పోస్తున్నారు. నా బండికి ముందు 14 పళ్ళు, వెనక 39. నాలుగేళ్ళ కింద హైవే మీద ఇంజను చప్పుడు తగ్గాలని ఒక మెకానిక్ మాట విని ముందు 15 పళ్ళది వేయించాను. లెక్క ప్రకారం అదే వేగానికి ఇంజను తిరుగుడు 7 శాతం దాకా తగ్గాలి. తగ్గింది. ఆరువేల చోట ఐదువేల ఆరువందలు. కానీ వెనక చక్రానికి చేరే లాగుడు కూడా అంతే తగ్గింది. గాలి లేని తెల్లవారుజామున హాయిగా ఉండేది. మధ్యాహ్నం గాలి లేచాక, పైగా కిట్టు డబ్బాతో, ఆరో గేరులో 80 నిలబడేది కాదు. ఫ్లైఓవర్ ఎక్కితే ఐదుకు దిగాల్సిందే. ఐదో గేరులో ఆర్‌పీఎం మళ్ళీ మొదటికే. బురద చెరువు గట్టు మీద మొదటి గేరు కూడా పొడుగై హాఫ్ క్లచ్ మీదే నడపాల్సి వచ్చింది, ఎనిమిది నెలలకే క్లచ్ ప్లేట్లు పోయాయి. మళ్ళీ 14కే వచ్చాను. ఫెయిరింగ్ లేని 200 సీసీ బండికి, అందులోనూ మన గాలిలో, కంపెనీ ఇచ్చిన పళ్ళే సరైనవని నా గట్టి నమ్మకం.

ఆగడానికి ఎంత దూరం

కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం డివైడర్ ఉన్న నాలుగు లేన్ల రోడ్డు మీద బైకుకు గరిష్ఠ వేగం 80. ఈ అంకె వెనక ఉన్న లెక్క తెలిస్తే దాన్ని పాటించడం కష్టమనిపించదు. 80లో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. గేదె కనపడి చేయి బ్రేకు మీదికి పోయేలోపు ఆ సెకను అయిపోతుంది. తర్వాత పొడి రోడ్డు మీద బాగా పట్టే బ్రేకుతో ఇంకో 35 మీటర్లు. మొత్తం 57. అదే 100లో 80 మీటర్లు దాటుతుంది. 60లో 37.

ముందు బ్రేకును నిమ్మకాయ పిండినట్టు పట్టండి. మొదట మెల్లగా, ముందు ఫోర్కులు కిందికి దిగి బరువు చక్రం మీదికి వచ్చాక గట్టిగా. ఒక్కసారిగా లాగితే బరువు రాకముందే చక్రం బిగుసుకోబోతుంది. చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ నా బండికి ముందు చక్రానికే ఉంది, కాబట్టి వెనక బ్రేకును కాలితో తొక్కేయకుండా ఆనిస్తాను. బ్రేకు వేస్తున్నంతసేపూ ఒళ్ళు ముందుకు జారబోతుంది, దాన్ని ఆపాల్సింది మళ్ళీ మోకాళ్ళే. చేతులతో ఆపితే హ్యాండిల్ బిగిసి, ఆ సమయంలో గుంట తప్పించడం కుదరదు. ఖాళీ రోడ్డు మీద 40 నుంచి మొదలుపెట్టి పదిసార్లు ఆపి చూడండి, తర్వాత 60 నుంచి.

ముందు బండికి ఎంత దూరం వదలాలో మీటర్లలో కొలవలేం. ఆ బండి ఒక కిలోమీటరు రాయో, స్తంభమో దాటగానే తొందరపడకుండా "ఉలవపాడు, సింగరాయకొండ, టంగుటూరు" అనుకోండి. ఆ మూడు పేర్లూ అయ్యేదాకా మీరు ఆ రాయి దగ్గరికి చేరకూడదు. వానలో అయితే ఒంగోలు, మద్దిపాడు కూడా కలపండి.

రోడ్డు మీద ఏముంటుందో ముందే తెలిసి ఉండాలి. మామిడి కాలంలో ఉలవపాడు దగ్గర బుట్టలు కనపడగానే కార్లు ఏ సైగా లేకుండా ఎడమకు కోసేస్తాయి, అక్కడ రెండు వేళ్ళు బ్రేకు మీదే ఉంచుకుని పొండి. రొయ్యలు, చేపల వాహనాల్లోంచి నీళ్ళు కారుతుంటాయి, వాటి వెనక చక్రాల జాడలో పోవద్దు. కోతల కాలంలో రోడ్డు అంచున వడ్లు ఆరబోస్తారు, వడ్ల మీద టైరు గోలీల మీద నిలబడ్డట్టే. టోల్ గేటు దగ్గర మనకు డబ్బు కట్టే పని లేదు, ఎడమ చివరి సందులో పోతాం, కానీ ఆ సందులో ఇసుక, కంకర చేరి ఉంటాయి, ఒరగకుండా నిటారుగా దాటండి. ఎడమ అంచునే అంటిపెట్టుకుని నడపడం క్షేమమని పెద్దలు చెబుతారు. హైవే మీద అది సరికాదు. ఆగి ఉన్న లారీలు, రాంగ్ రూట్లో వచ్చే ట్రాక్టర్లు, గేదెలు అన్నీ ఆ అంచునే ఉంటాయి. ఎడమ లేనులోనే, కానీ దాని కుడి చక్రపు జాడలో పొండి.

రాత్రి డిమ్ లైటులో 40, 50 మీటర్లకు మించి స్పష్టంగా కనపడదు. పైన చెప్పిన లెక్క పక్కన పెట్టి చూడండి. 80లో ఆగడానికి కావలసింది 57. అందుకే చీకటి పడ్డాక నేను 60 దాటను. వెనక లైటు లేని చెరకు బండో, వరిగడ్డి ట్రాక్టరో కనపడే దూరంలోనే ఆగగలగాలి.

గిద్దలూరు దాటి నల్లమలలోంచి నంద్యాల పోయేవాళ్ళకు ఒక్క మాట. ఘాట్ మలుపుల్లో గేరు, బ్రేకు రెండూ మలుపుకు ముందే పూర్తి చేయండి, మలుపులో యాక్సిలరేటర్ సన్నగా తెరిచే ఉంచండి. చూపు మలుపు చివర ఉండాలి, చక్రం ముందు కాదు. దిగుడులో మూడో గేరులో ఇంజనునే పట్టు పట్టనివ్వండి, ఊరికే బ్రేకు నొక్కుతూ దిగితే ప్యాడ్లు వేడెక్కి పట్టు పోతుంది.

బయలుదేరే ముందు

వేసవిలో తెల్లవారి ఐదింటికి బయలుదేరండి. టైర్లలో గాలి అప్పుడే, బండి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి, చెయిన్ కవరు దగ్గర స్టిక్కరు మీద ఒక్కరికి ఎంత, ఇద్దరికి ఎంత అని ఉంటుంది. ఎండలో పది కిలోమీటర్లు పోయాక పంచర్ షాపులో చూపిస్తే మీటరు ఎక్కువ చూపిస్తుంది, ఎక్కువైందని తీసేస్తారు, తెల్లారి తక్కువై ఉంటుంది. నిండు చేతుల చొక్కా, ఐఎస్ఐ గుర్తున్న ఫుల్ హెల్మెట్, రాత్రికి తెల్ల వైజరు. గంటకొకసారి ఆగి మజ్జిగో నీళ్ళో తాగండి. వడగాలిలో చెమట పట్టినట్టు తెలియదు, ఒళ్ళు మాత్రం ఎండిపోతుంది, దాహం తెలిసేసరికి చూపు మందగిస్తుంది.

చెయిన్‌కు నూనె బయలుదేరే ముందు వేయకండి, చక్రమంతా చిమ్ముతుంది. ఇంటికొచ్చాక, చెయిన్ వెచ్చగా ఉన్నప్పుడు, ఇంజను ఆపేసి, వెనక చక్రం చేత్తో తిప్పుతూ లోపలి వైపు వేయండి. ఇంజను నడుస్తుండగా గేరులో వేసి గుడ్డతో తుడిచే అలవాటు చాలామందికి ఉంది. స్ప్రాకెట్‌లోకి గుడ్డతో పాటు వేలూ పోతుంది, దయచేసి అట్లా ఎప్పుడూ చేయకండి. తర్వాత చెయిన్ మధ్యలో వేలితో పైకి నొక్కి ఎంత కదులుతోందో చూసి, మాన్యువల్లో ఇచ్చిన కొలతతో సరిపోల్చండి. ఒక్కచోట చూసి వదిలేయొద్దు, చక్రం కొంచెం కొంచెంగా తిప్పి నాలుగు చోట్ల చూడండి. ఒకచోట బిగువు, ఇంకోచోట వదులు ఉంటే ఆ చెయిన్ సాగింది, ఎంత సర్దినా కుదరదు. చెయిన్ ఒక్కటే కాకుండా ముందు, వెనక స్ప్రాకెట్లతో కలిపి సెట్టు మొత్తం మార్పించండి.